పోయింది తిరిగొస్తుందని పందెం పెంచొద్దు

కావలి, ఒంగోలు పక్క పేక ముందు కూర్చుంటే వినపడే మాట: "ఇంతసేపు పోయింది, ఇక రావాల్సిందే". పేకకు పాత బాకీ గుర్తుండదు. పోకర్‌లో మీకు రెండు ఆసులు, ఎదుటివాళ్ళకి రెండు రాజులు పడి, అందరికీ ఉమ్మడిగా నడిమిన వేసే ముక్కలు తెరవకముందే ఉన్నదంతా పందెం పెట్టేస్తే మీరు గెలిచేది నూటికి దాదాపు 82 సార్లు. వరసగా మూడుసార్లు ఓడినా నాలుగోసారీ అదే 82.

నాణెం 100 సార్లు ఎగరేస్తే బొమ్మాబొరుసుల తేడా 10 అటూఇటూ ఉండటం మామూలే. 10,000 సార్లకి అది 100 అవుతుంది. శాతం సగానికి దగ్గరపడుతుంది, తేడా మాత్రం పెరుగుతుంది. జేబుకు తగిలేది ఆ తేడానే!

అందుకని అంతా పెట్టిన ప్రతిసారీ మధ్యలో ఉన్న పందెం మొత్తాన్ని మీ గెలుపు శాతంతో హెచ్చవేసి రాసుకోండి: 1000 ఉంటే 820, గెలిచినా ఓడినా. అందులోంచి మీరు పెట్టింది తీసేయండి. నెలల తరబడి ఆ లెక్కల మొత్తం మైనస్‌లోనే ఉంటే తప్పు ముక్కలది కాదు, మీ ఆటది. చింతపిక్కలతో ఆడినా ఈ లెక్క తేలిపోతుంది.