మెమ్నాక్ చదవాలా వద్దా? కొట్టుకునే పాఠకుల మాట వినడం ఎలా

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సిరీస్ నవలలతో ఒక చిక్కుంది, మొదటిది ఎప్పుడూ దొరకదు. అమెరికన్ రచయిత్రి ఆన్ రైస్ రాసిన వాంపైర్ క్రానికల్స్ సిరీస్‌లో నాకు దొరికింది ఐదోది, 'మెమ్నాక్ ది డెవిల్'. ఇంటికి తెచ్చుకుని, ఇప్పటికే చదివినవాళ్లు ఏమన్నారో చూద్దామని కూర్చుంటే బుర్ర తిరిగిపోయింది. మొత్తం సిరీస్‌లో ఇదే గొప్పదని ఒకళ్లు, సిరీస్‌ని ముంచింది ఇదేనని ఇంకొకళ్లు. వాంపైర్ నవల అనుకుని కొంటే ప్రవచనం పెట్టారని తిట్టేవాళ్లున్నారు, సరిగ్గా ఆ ప్రవచనం కోసమే మళ్లీ మళ్లీ చదువుతామనేవాళ్లూ ఉన్నారు.

ఇలాంటప్పుడు స్టార్లు లెక్కపెట్టి యావరేజ్ తీస్తే ఏమీ తేలదు. ఒక కూర తిని సగం మంది ఉప్పెక్కువైందనీ సగం మంది ఉప్పే లేదనీ అంటే, ఉప్పు సరిపోయిందని అర్థం కాదు కదా. తిన్నది ఎవరో, అంతకుముందు ఏం తిని వచ్చారో చూడాలి. అది ఎలా చూడాలో ఈ ఒక్క పుస్తకాన్నే పట్టుకుని చెప్తాను. కథ చాలావరకు బయటపడిపోతుంది, ముగింపుతో సహా. ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందుగా, మాట్లాడే మనిషి ఈ పుస్తకంలోకి ఎటునుంచి వచ్చాడో కనిపెట్టండి. సిరీస్ 1976లో 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్'తో మొదలైంది. లూయీ అనే వాంపైర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గదిలో టేప్ రికార్డర్ ముందు కూర్చుని, 1791 నాటి లూసియానా తోటల దగ్గర్నుంచి తన కథంతా చెప్పుకుంటాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1985లో వచ్చిన 'ద వాంపైర్ లెస్టాట్'లో, మొదటి పుస్తకంలో విలన్‌లా కనిపించిన లెస్టాట్ వచ్చి లూయీ చెప్పినదాన్ని కొట్టిపారేసి, తన వైపు కథ చెప్తాడు, మధ్యలో రాక్ సింగర్ కూడా అవుతాడు. 1988లో 'ద క్వీన్ ఆఫ్ ద డ్యామ్డ్', అందులో వాంపైర్లు అసలెలా పుట్టారో చెప్పడానికి ఆరువేల ఏళ్లు వెనక్కి తీసుకెళ్తుంది. 1992లో 'ద టేల్ ఆఫ్ ద బాడీ థీఫ్', మన పరకాయ ప్రవేశం కథల్లాంటిదే, ఒళ్లు మార్చుకునే దొంగ కథ. ఆ తర్వాత 1995లో మెమ్నాక్.

చూడండి, ఒకే లెస్టాట్, ఒకే రచయిత్రి, కానీ ఈ ఐదూ ఐదు రకాల నవలలు. కాబట్టి మెమ్నాక్ మీద తిట్లు చదివేటప్పుడు 'నాకు నాలుగోది బాగా నచ్చింది' అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. నాలుగోది పరుగులు పెట్టే కథ, దొంగని పట్టుకోవాలి, ఒంటిని తిరిగి సంపాదించాలి. ఆ ఊపులో ఐదోది తెరిచినవాడికి దేవుడూ సైతానూ సృష్టి గురించి వాదించుకోవడం నసే అవుతుంది. వాడి తిట్టు నిజమే, కానీ అది మెమ్నాక్ గురించి చెప్పేదానికంటే బాడీ థీఫ్ గురించి ఎక్కువ చెప్తోంది. లూయీ ఏడుపు నచ్చి వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి మాటలు ఎక్కువైనా అభ్యంతరం ఉండదు.

ఇంకో రకం వాళ్లున్నారు, ఈ సిరీస్ చదవకుండా భయం కోసం వచ్చినవాళ్లు. మన దగ్గర ఈ పొరపాటు ఇంకా తేలిక, ఎందుకంటే వాంపైర్‌ని తెలుగులో రక్తపిశాచి అనేస్తాం, ఆ మాట వినగానే శ్మశానం, నిమ్మకాయలు, అర్ధరాత్రి కుక్క ఏడుపు. 1980ల్లో వీక్లీల్లో చేతబడి సీరియళ్లు చదివి పెరిగిన ఇంట్లో అయితే మరీనూ. రైస్ దగ్గర అవేవీ ఉండవు. ఆమె వాంపైర్లు శిలువకి భయపడరు, అద్దంలో కనిపిస్తారు, ఎండకీ నిప్పుకీ మాత్రమే జంకుతారు. 1897 నాటి 'డ్రాక్యులా'లో కథంతా వేటాడేవాళ్ల డైరీల్లో, ఉత్తరాల్లో నడుస్తుంది, డ్రాక్యులా తన గోడు తను చెప్పుకోడు. రైస్ ఆ మైకు తీసుకెళ్లి వాంపైర్ చేతికిచ్చింది. మైకు దొరికాక వాడు ఆగుతాడా? అందుకని 'అస్సలు భయం వేయలేదు' అనే ఫిర్యాదు ఎక్కడ కనిపించినా నిశ్చింతగా పక్కన పెట్టేయండి, ఈ నవల పని అది కాదు.

ఇప్పుడు అసలైన చిట్కా. మధ్యలో మానేశామన్నవాళ్లని 'ఎక్కడ మానేశారు' అని అడగండి, లేదా వాళ్లు రాసినదాంట్లో అది వెతకండి. మెమ్నాక్‌కి మూడు చోట్ల జనం దిగిపోతారు, ఒక్కో స్టాపులో దిగినవాళ్ల మాటకి ఒక్కో అర్థం.

మొదటి స్టాపు రోజర్. న్యూయార్క్ చలికాలంలో లెస్టాట్ ఇతన్ని వెంటాడుతుంటాడు. డ్రగ్స్ అమ్మి కోట్లు గడించి, ఆ డబ్బుతో పాత మత కళాఖండాలు పోగుచేసే మనిషి, కూతురు డోరా టీవీలో దైవసందేశం చెప్పే అమ్మాయి. లెస్టాట్ అతన్ని చంపేస్తాడు, శవాన్ని వదిలించుకుని ఒక బార్‌కి వెళ్లి కూర్చుంటే ఆ చచ్చినవాడు దెయ్యమై ఎదురుగా వచ్చి తన జీవితం మొత్తం చెప్పడం మొదలుపెడతాడు. పేజీలకి పేజీలు. నా మటుకు నాకు పుస్తకంలో అన్నిటికంటే బాగున్న భాగం ఇదే. చంపినవాడూ చచ్చినవాడూ పాత స్నేహితుల్లా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం, అందులోనూ చచ్చినవాడి దిగులంతా కూతురు ఏమైపోతుందోననే. నా కాపీలో పాత ఓనరు పెట్టిన సిటీ బస్సు టికెట్ కూడా ఈ బార్ సీను మధ్యలోనే దొరికింది, ఆ తర్వాత పేజీలు మడత కూడా పడలేదు! ఇక్కడ దిగిపోయినవాళ్లకి రైస్ రాసే తీరే పడలేదు, కథతో సంబంధం లేదు. మీకు అనుమానంగా ఉంటే షాపులోనో లైబ్రరీలోనో ఈ బార్ సీను ఒక్కటి నిలబడి చదవండి. పది పేజీలకి విసుగొస్తే పుస్తకం అక్కడే పెట్టేయండి, ముందు ముందు ఇంతకంటే పొడుగు ఉపన్యాసాలున్నాయి.

రెండో స్టాపు పైలోకం. మెమ్నాక్ అంటే సైతానే, కానీ ఆ పేరు తనకి నచ్చదు. లెస్టాట్‌ని తన పనిలో చేరమని అడుగుతాడు, చేరేముందు అన్నీ చూడమని స్వర్గం, సృష్టి మొదలు, నరకం తిప్పుతాడు. రాయి నుంచి మొక్క, మొక్క నుంచి జంతువు, జంతువు నుంచి మనిషి, ఒక్కో మెట్టు దగ్గరా దేవదూతలు ఆశ్చర్యపోవడం, ఇదంతా ఎలా ఒప్పుకోవాలని మెమ్నాక్ దేవుణ్ని నిలదీయడం. ఇక్కడ దిగినవాళ్లు రెండు రకాలు, కలిపేయకండి. విసుగు పుట్టి దిగినవాళ్లు ఒకరు, మనసు నొచ్చుకుని దిగినవాళ్లు ఇంకొకరు.

నొచ్చుకున్నవాళ్ల మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఈస్టర్‌కి ముందు శుక్రవారాల్లో చర్చిలో సిలువ మార్గం చేసే కతోలిక కుటుంబాల్లో పెరిగినవాళ్లకి ఆరో స్థలం తెలుసు, వెరోనికా అనే స్త్రీ యేసు ముఖం తుడిస్తే ఆ గుడ్డ మీద ముఖం అచ్చుపడటం. రైస్ సరిగ్గా అక్కడికి లెస్టాట్‌ని తీసుకెళ్లి, సిలువ మోస్తున్న క్రీస్తు రక్తం తాగిస్తుంది, ఆ గుడ్డ అతని చేతికిస్తుంది. ఇది చదివి ఒకరు పుస్తకం మూసేశారంటే అది రుచి తేడా మాత్రమే కాదు. మీరూ అలాంటి ఇంట్లోనుంచి వచ్చినవాళ్లయితే ఆ ఒక్క అభిప్రాయం వంద స్టార్ల కంటే మీకు పనికొస్తుంది. అదే గరుడ పురాణం వింటూ పెరిగినవాళ్లకి, ఆ నరకం పెద్ద షాక్ కాకపోవచ్చు. మెమ్నాక్ నరకంలో ఆత్మలు శాశ్వతంగా మగ్గవు, తాము ఎవరిని బాధపెట్టారో అర్థం చేసుకుని, క్షమించడం నేర్చుకుని పైకి వెళ్లాలి. పాపం ఖర్చయ్యాక బయటికి పంపే నరకం మనకి కొత్తా? పాశ్చాత్య పాఠకులు ఎంత సాహసం అని నోరెళ్లబెట్టిన చోట నేను 'ఊఁ, తర్వాత?' అనుకుంటూ చదివాను, నిజం చెప్పాలంటే అక్కడే నాకు కొంచెం బోర్ కొట్టింది.

మూడోది స్టాపు కాదు, బస్సు దిగాక తిట్టడం. లెస్టాట్ ఒక కన్ను పోగొట్టుకుని తిరిగొస్తాడు, వెరోనికా గుడ్డ డోరా చేతిలో పడుతుంది, ఆర్మాండ్ అనే ఇంకో పాత వాంపైర్ ఎండలోకి నడిచి వెళ్తాడు, ఇంతా చేసి తను చూసింది నిజమో, ఎవరో ఆడించిన నాటకమో లెస్టాట్‌కే తేలదు. చివరిదాకా చదివి కోపం తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే. వీళ్ల మాటకి నేను ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే మూడొందల పైచిలుకు పేజీలు ఓపిగ్గా వచ్చినవాళ్లు. అయితే మీకు తేలని ముగింపులంటే ఇష్టమైతే ఇదే తిట్టు మీకు మెప్పు కింద లెక్క.

రచయిత్రి జీవితాన్ని అడ్డం పెట్టుకుని చెప్పే మెప్పుల సంగతి కూడా చూడాలి. రైస్ కూతురు మిషెల్ 1972లో లుకేమియాతో ఐదేళ్లకే చనిపోయింది, ఆ తర్వాతే మొదటి నవల రాసింది, అందులో ఎప్పటికీ పెరగని పిల్ల వాంపైర్ క్లాడియా వయసూ ఐదే. ఇది తెలిశాక లూయీ ఏడుపుని విసుక్కోవడం కష్టమే. చాలా ఏళ్లు మతానికి దూరంగా ఉన్న ఆమె 1998లో మళ్లీ కతోలిక చర్చికి వెళ్లింది, 2010లో క్రైస్తవం నుంచి బయటికొచ్చేశానని ప్రకటించింది. మెమ్నాక్ ఆ తిరిగి వెళ్లడానికి మూడేళ్ల ముందుది. తెలుసుకుంటే పుస్తకం ఇంకాస్త అర్థమవుతుంది, కానీ 'ఆమె అంత బాధలో రాసింది కాబట్టి గొప్పది' అన్న రివ్యూని మాత్రం పక్కన పెట్టండి. అది జాలి, అభిప్రాయం కాదు.

తేదీలు కూడా చూడండి. 2003లో 'బ్లడ్ క్యాంటికల్' వచ్చినప్పుడు అమెజాన్‌లో పాఠకులు ఏకిపారేశారు. 2004లో రైస్ తనే అక్కడికి వచ్చి పేరా కూడా విడగొట్టకుండా పొడుగాటి జవాబు రాసింది, ఎడిటర్ల కత్తెర పడని స్థాయికి ఎంతో పోరాడి చేరుకున్నానని కూడా అందులో చెప్పుకుంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది గానీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది, 'ఈ పుస్తకానికి ఎడిటర్ లేడా' అని గొణిగేవాళ్ల చేతికి తనే కర్ర ఇచ్చినట్టయింది. ఆ తర్వాత రాసిన అభిప్రాయాల్లో పుస్తకం ఎంత, ఈ గొడవ ఎంత అన్నది వేరుచేసి చదువుకోవాలి.

సినిమా చూసి పుస్తకాన్ని తిట్టేవాళ్లని గుర్తుపట్టడం సులువు, క్లాడియాని పదేళ్లు దాటిన పిల్ల అంటారు, లేదా క్వీన్ ఆఫ్ ద డ్యామ్డ్ అనగానే 2002 సినిమా పాటల గురించి మొదలుపెడతారు. అభిప్రాయాలు మారతాయి కూడా. 1994 సినిమాలో లెస్టాట్‌గా టామ్ క్రూజ్ అనగానే వద్దే వద్దని గోలపెట్టింది స్వయంగా రైసే, తీరా చూశాక ఆమే మెచ్చుకుంది.

ఇంతకీ ఏ వరసలో చదవాలి అంటే, మొదటిది, రెండోది తప్పకుండా, అదీ ఆ వరసలోనే. లూయీ మాట నమ్మేశాక లెస్టాట్ వచ్చి దాన్ని తిరగేస్తేనే మజా, వరస మార్చి చదివితే ఆ దెబ్బ తగలదు. మూడోదాంతో ఆపేసినా కథ ఒక కొలిక్కి వచ్చినట్టే ఉంటుంది. నాలుగోది రైలు ప్రయాణానికి బాగుంటుంది, పైగా మెమ్నాక్‌లో లెస్టాట్ తన కథంతా చెప్పుకునే డేవిడ్ టాల్బట్‌కి ఆ యవ్వనం ఎలా వచ్చిందో అందులోనే తెలుస్తుంది. ఐదోదానికి బార్ సీను పరీక్ష చెప్పాను కదా. మీకూ ఫుట్‌పాత్ మీద ముందు ఐదోదే దొరికిందా, కొని అటక మీద పెట్టండి, మొదటి రెండూ దొరికేదాకా తెరవకండి. నేను ఆగలేక తెరిచాను, మొదటి యాభై పేజీలు ఈ డేవిడ్ ఎవడ్రా బాబూ అనుకుంటూనే గడిచిపోయాయి.