నూనె మారితే కాస్టిక్ లెక్క మారాలి

నేను మూడోసారి చేసిన సబ్బు చేతులను మండించింది. ఆ రోజు ఇంట్లో కొబ్బరి నూనె అయిపోయింది. దాని బదులు అంతే తూకం వేరుశనగ నూనె పోసి, కాస్టిక్ సోడా మాత్రం పాత చీటీలో ఉన్నంతే వేశాను. ఏ నూనె అయితే ఏమిటి అనుకున్నాను. తాలింపుకైతే ఆ మాట చెల్లుతుంది, సబ్బుకు చెల్లదు.

ఒక్కో నూనెకు ఒక్కో ఆకలి. గ్రాము నూనె పూర్తిగా సబ్బు కావడానికి ఎంత కాస్టిక్ సోడా పడుతుందో చెప్పే అంకెలు నా వంటగది తలుపు లోపలివైపు అంటించి ఉన్నాయి: కొబ్బరి 0.183, పామాయిల్ 0.141, వేరుశనగ 0.136, తవుడు నూనె 0.133, ఆముదం 0.128. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి. అందుకే గ్రాముకు ఎక్కువ అణువులు పడతాయి, కాస్టిక్ కూడా ఎక్కువ తింటుంది. మీ నూనె ఈ జాబితాలో లేకపోతే దాని సపోనిఫికేషన్ విలువ, అంటే గ్రాము నూనె సబ్బు కావడానికి పట్టే క్షారం ఎంతో, కనుక్కోండి. అది కాస్టిక్ సోడాలో కాక పొటాషియం హైడ్రాక్సైడ్ అనే మరో క్షారం మిల్లీగ్రాములలో ఉంటుంది కాబట్టి 1403తో భాగించాలి. ఉదాహరణకు 190 అని ఉంటే, 0.135.

ముందు నూనెల ఎంపిక. మాది కోనసీమ, ఎండు కొబ్బరి గానుగాడిస్తే నూనెకు కొదవ లేదు. కొబ్బరి సబ్బు గట్టిగా ఉంటుంది, ఉప్పు బోరు నీళ్లలో కూడా నురగనిస్తుంది. అయినా అది 30 శాతం దాటితే నా చర్మం పొడిబారి తెల్లగా చారలు పడుతుంది. పామాయిల్ గట్టిదనానికి, తవుడు నూనె మెత్తదనానికి. ఆముదం నురగను నిలబెడుతుంది, కానీ పదో వంతు మించితే సబ్బు జిగురుగా తయారవుతుంది. పొద్దుతిరుగుడు నూనె చవకైన రోజుల్లో ఆశపడి ఎక్కువ వేశాను. కొంతకాలానికి సబ్బు మీద నారింజరంగు మచ్చలు లేచి, పాత నూనె కంపు కొట్టింది.

ఇక లెక్క. నేను 500 గ్రాముల నూనెతో చేస్తాను: కొబ్బరి 150, పామాయిల్ 150, తవుడు నూనె 150, ఆముదం 50. ఒక్కో తూకాన్నీ దాని అంకెతో హెచ్చవేస్తే 27.45, 21.15, 19.95, 6.40. మొత్తం 74.95 గ్రాములు. ఇంత వేస్తే నూనె చుక్క మిగలదు, తూకంలో కాస్త తేడా వచ్చినా కాస్టిక్ మిగులుతుంది. అందుకని 5 శాతం తగ్గించాలి: 74.95 × 0.95 = 71.2 గ్రాములు. నీళ్లు దానికి రెట్టింపు, అంటే 142 గ్రాములు.

అన్నీ తూకమే, కొలత గ్లాసులు వద్దు. లీటరు నూనె ప్యాకెట్ కిలో తూగదు, దాని మీద 910 గ్రాములని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. కాస్టిక్‌కు గ్రాములో పదో వంతు చూపే చిన్న త్రాసు కొనండి. కాస్టిక్ డబ్బా మూత వదులుగా ఉంటే గాలిలోని తేమను పీల్చి బరువెక్కుతుంది, అప్పుడు త్రాసు నిజం చెప్పినా లెక్క తప్పుతుంది. మోరీలు శుభ్రం చేసే పొడి ఎప్పుడూ వాడకండి, వాటిలో కొన్నిటిలో అల్యూమినియం ముక్కలు కలుపుతారు. అల్యూమినియం గిన్నె కూడా పనికిరాదు. కాస్టిక్ దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు గిన్నె చాలు.

చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, పిల్లలు ఇంకో గదిలో. కాస్టిక్‌ను కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే పొంగి ముఖాన చిమ్ముతుంది. ద్రావణం చేయి పెట్టలేనంతగా కాలిపోతుంది, ఆవిరి గొంతు పట్టుకుంటుంది, కాబట్టి కిటికీ దగ్గర నిలబడండి. చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగాలి. వెనిగర్ జోలికి పోవద్దు.

నూనెలూ ద్రావణమూ గోరువెచ్చనయ్యాక కలిపి, హ్యాండ్ బ్లెండర్ ఆపుతూ తిప్పుతూ ఉంటే గరిటెతో గీసిన గీత పైన నిలుస్తుంది. అప్పుడు అచ్చులో పోయండి. మర్నాడు తొడుగులతోనే కోసి, గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి.

మొదట చెప్పిన, చేతులు మండించిన ఆ సబ్బును ఏం చేశానంటే, చీటీ మళ్లీ వేశాను. కొబ్బరి 27.45 పోయి వేరుశనగ 20.4 వచ్చింది, మొత్తం అవసరం 67.9 మాత్రమే. నేను వేసింది 71.2. మూడు గ్రాముల పైచిలుకు కాస్టిక్ పని లేక ఉండిపోయింది. ఇంకో 50 గ్రాముల వేరుశనగ నూనె చేరిస్తే అవసరం 74.7 అవుతుంది, మళ్లీ 5 శాతానికి కాస్త తక్కువగా నూనె మిగులుతుంది. తురిమి, కొద్దిగా నీళ్లు చిలకరించి, సన్నని సెగ మీద ఆ నూనెతో కరిగించాను. అచ్చులోంచి ఉప్మా ముద్దలా గరుకుగా వచ్చింది. నెలన్నర ఆరాక మా అత్తయ్యగారు దానితో కాళ్లు కడుక్కుని, అందంగా వచ్చిన వాటికన్నా ఇదే బాగా రుద్దుతోందన్నారు.