గోలలో ఇంగ్లీషు అర్థంకాకపోతే నేనేం చేశానంటే (నా అనుభవం)

అరవై దాటాయి, డాలస్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నా. టీవీ మోగుతున్నా మా ఆవిడ తెలుగులో ఏమన్నా అర్థమైపోద్ది, రెస్టారెంట్లో కోడలి ఫ్రెండ్స్ ఇంగ్లీషు మాత్రం గొంతు వినపడుద్ది గానీ మాట తెలీదు. ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసే నిపుణుడు) దగ్గర మామూలు బీప్ టెస్ట్‌తో పాటు గోలలో వాక్యాలు వినిపించే టెస్ట్ కూడా అడిగి చేయించుకున్నా, మీరూ అడగండి, చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చెయ్యరు. వయసుతో ముందు తగ్గేది హై ఫ్రీక్వెన్సీలే (సన్నటి, కీచు శబ్దాలు), ఇంగ్లీషు s, f, th లాంటివి ఉండేది అక్కడే, తెలుగైతే సగం వినపడ్డా మిగతాది బుర్ర పూరించేసుకుంటది, తర్వాత నేర్చుకున్న భాషలో అంత స్పీడుగా అవ్వదు.

హియరింగ్ ఎయిడ్స్ పెట్టించుకున్నా, డైరెక్షనల్ మైకులు (ముందువైపు నుంచి వచ్చే మాటని ఎక్కువగా పట్టేవి) ఉన్నవి. వాటితో గోల వీపు వెనక ఉండేలా, మాట్లాడేవాళ్ల మొహం కనపడేలా కూర్చోవాలి, ఇదే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. దగ్గరికి జరగటం కూడా, దూరం సగమైతే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుద్ది. గట్టిగా అరవద్దు, వేరే మాటల్లో చెప్పమ్మా అని కోడలికి చెప్పా (అరిస్తే పక్క టేబులోళ్లకి తప్ప ఎవరికీ లాభం లేదు). మరీ గోలైతే ఫోన్లో మాటల్ని అక్షరాల్లో చూపించే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ పెడతా, పేర్లు తప్పు రాస్తది గానీ విషయం తెలుస్తది.