బ్యాకప్ రూటర్ మీద పేటెంట్ ఉందంటే ముందు ఏం చూడాలి

ఒక రూటర్ పడిపోతే ఇంకోటి అదే ఐపీ అడ్రస్‌తో పని అందుకోవాలి, ఐడియా ఇంతే, కానీ దీని మీద కూడా పెద్ద గొడవే అయింది. సిస్కో పేటెంట్ 5,473,599, ఫైల్ చేసింది 1994లో, చేతికొచ్చింది 1995లో. 1998లో ఇదే పని చేసే వీఆర్ఆర్‌పీ అనే ఓపెన్ స్టాండర్డ్ వచ్చాక అదీ మా పేటెంట్ కిందకే వస్తుందని సిస్కో పట్టుబట్టింది.

మీకు ఇలాంటిది తగిలితే గూగుల్ పేటెంట్స్‌లో నంబర్ కొట్టి నేరుగా క్లెయిమ్స్‌కి, అంటే పేటెంట్ దేన్ని కాపాడుతుందో చెప్పే వాక్యాలకి పోండి, టైటిల్ చూసి కంగారు పడొద్దు, అసలు హక్కంతా క్లెయిమ్స్‌లోనే ఉంటుంది. ఇండిపెండెంట్ క్లెయిమ్‌ని, అంటే ఇంకో క్లెయిమ్ మీద ఆధారపడని దాన్ని, ముక్కలు చేసి ఒక్కో ముక్క పక్కన మీ సిస్టమ్‌లో అది ఎక్కడుందో రాయండి, అంటే స్టాండ్‌బై (బ్యాకప్ రూటర్)ని ఎలా ఎంచుతున్నారు, వర్చువల్ అడ్రస్ (రూటర్లు పంచుకునే ఐపీ అడ్రస్) ఎవరి దగ్గరుంది, ఇలా. ఒక్క ముక్క లేకపోయినా అక్షరాలా ఉల్లంఘన కాదు, కాకపోతే అమెరికాలో ఈక్వివలెంట్స్ వాదన ఒకటుంది, అంటే అక్షరాలా కాకపోయినా దాదాపు అదే పని అదే తీరుగా చేస్తే ఉల్లంఘనే అనడం, అక్కడ లాయర్ కావాల్సిందే.

తర్వాత గడువు. అమెరికాలో 1995 జూన్ 8కి ముందు ఫైల్ చేసినవాటికి గ్రాంట్ నుంచి 17 ఏళ్లు, ఫైలింగ్ నుంచి 20 ఏళ్లు, ఏది ఎక్కువైతే అది, అందుకే ఈ సిస్కో పేటెంట్ 2014 దాకా నడిచింది. గడువు అయిపోయినా వెనకటి 6 ఏళ్ల నష్టపరిహారం అడగొచ్చు, ఇది చాలామంది మర్చిపోతారు.

తప్పించుకునే డిజైన్ కూడా ఒక దారే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు ఇదే పనికి కార్ప్ అని వేరే ప్రోటోకాల్ రాసుకుని 2004లో 3.5 రిలీజ్‌లో పెట్టారు, నంబర్లు కేటాయించేవాళ్లు తమకి ప్రోటోకాల్ నంబర్ ఇవ్వలేదని వీఆర్ఆర్‌పీ వాడే 112నే వాడేసుకున్నారు, పంతమంటే అదీ!

ఇదంతా చూస్తున్నప్పుడు ఆఫీస్ మెయిల్స్‌లో "మనం ఈ పేటెంట్‌ని ఉల్లంఘిస్తున్నాం" అని మాత్రం రాయకండి, కోర్టుకెళ్తే అవన్నీ బయటికొస్తాయి.