హౌసింగ్ విప్పే ముందు పికప్ కింద ఒక్కసారి పడుకుని చూడండి

రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు తోలే పికప్ నాది. లోడుతో కదిలేటప్పుడు, మొదటి గేరు వేసి క్లచ్ వదలగానే వెనకాల 'ధన్' మనేది. గౌతమి వంతెన మీద యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినా అదే మోత. ఒక షెడ్డులో చూపిస్తే, "క్రౌన్, పినియన్ పోయాయి, హౌసింగ్ విప్పాలి" అన్నారు. హౌసింగ్ అంటే వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి డబ్బా, క్రౌన్, పినియన్ దాని లోపలి పళ్ల చక్రాలు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇంటి దగ్గర నేనే కిందకి దూరాను. చివరికి తేలింది ఒక క్రాసు (గేర్ బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే పొడవాటి షాఫ్టు చివర ఉండే ప్లస్ ఆకారపు కీలు), వదులైన యూ బోల్టులు (కమాను కట్టల్ని యాక్సిల్‌కి బిగించే U ఆకారపు బోల్టులు).

ముందు మోత ఎప్పుడొస్తుందో పట్టుకోండి. గతుకులో పడినప్పుడే వస్తుంటే షాఫ్టుని వదిలేసి కమాను కట్టల బుష్షులు, షాకిళ్లు (కట్ట చివర ఊగే పట్టీలు) చూడండి. గేరు వేసినప్పుడో, రివర్సుకి మార్చినప్పుడో, యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడో వస్తే షాఫ్టు దారిలోనో, యాక్సిల్ బిగింపులోనో లూజు ఉండొచ్చు. నెమ్మదిగా వెళ్తుంటే పిచ్చుక అరిచినట్టు కిచ్‌కిచ్ మంటే క్రాసులో గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు.

చూడటానికి చదునైన గట్టి నేల కావాలి. కాలవ గట్టు మీద మాత్రం వద్దు. ఇంజన్ ఆపి, సైలెన్సర్ చల్లారాక, న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేయండి. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టి, తాళం జేబులో వేసుకోండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ వెళ్లకూడదు.

ఇప్పుడు షాఫ్టుని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, కళ్లు మాత్రం క్రాసు మీదే ఉంచండి. షాఫ్టు కదిలి అవతలి యోక్ (క్రాసుని పట్టుకునే ఫోర్కు లాంటి ముక్క) కదలకపోతే ఆ క్రాసు అయిపోయినట్టే. నా బండిలో వెనక క్రాసు కప్పు (క్రాసు కొమ్ము మీద కూర్చునే మూత) అంచున ఇటుక పొడి లాంటి ఎర్రటి పొడి కనిపించింది. లోపల సూదులు (సన్నటి రోలర్లు) ఎండి, అరిగి, తుప్పు పొడిగా బయటికి వస్తున్నాయన్నమాట. రొయ్యల లోడ్లు తోలేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూడండి, ఐసు కరిగిన ఉప్పు నీళ్లు కారేది అక్కడికే.

షాఫ్టు రెండు ముక్కలదైతే వాటిని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో చూడండి. పినియన్ ఫ్లాంజికి (హౌసింగ్ ముందు షాఫ్టుని బిగించే పళ్లెం) చుట్టూ తిరిగే దిశలో కాస్త ప్లే ఉండటం మామూలే. పైకీ కిందకీ ఊగితే అప్పుడు హౌసింగ్ విప్పే మాట.

షాఫ్టు దింపే ముందు ఫ్లాంజిల మీద, స్లిప్ యోక్ (షాఫ్టు పొడవు సర్దుకోవడానికి ముందుకీ వెనక్కీ జరిగే ముక్క) మీద పెయింటుతో గీతలు పెట్టండి. గీత కలవకుండా బిగిస్తే బండంతా వణుకుతుంది. సర్‌క్లిప్పులు (కప్పుల్ని పట్టి ఉంచే రింగులు) తీసి, వైసులో పాత క్రాసు నొక్కి బయటికి తీయాలి. కొత్తది ఎక్కించేటప్పుడు తొందర అసలు పనికిరాదు. కప్పులో సూదులన్నీ గ్రీజుతో గోడకి అంటుకుని నిలబడాలి. ఒక్క సూది అడుగున పడినా కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్పు గాడిలో కూర్చోదు. అప్పుడు సుత్తి తీయకండి, కప్పు బయటికి తీసి మళ్లీ పేర్చండి. నిప్పల్ (గ్రీజు ఎక్కించే మొన) గ్రీజు గన్ అందే వైపు ఉండాలి. నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు కనిపించే దాకా కొట్టండి. స్లిప్ యోక్ స్ప్లైన్లకి (జరిగే చోట ఉండే పొడవాటి గాళ్లు) కూడా గ్రీజు పట్టించండి. అవి ఎండిపోయినా బండి ఆగి కదిలేటప్పుడు టక్ మంటుంది.

క్రాసు మార్చాక నా బండిలో మోత సగమే తగ్గింది. మళ్లీ దూరి చూస్తే, ఎడమ కమాను కట్ట కూర్చునే చోట ఇనుము రాపిడికి తళతళలాడుతోంది. యూ బోల్టులు వదులై, లాగినప్పుడల్లా యాక్సిల్ జరుగుతోంది. కట్ట పట్టీల్ని కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగలేదు, అదృష్టం. బండి బరువు నేల మీదే ఉంచి, నాలుగు నట్లనీ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. నాలుగు లోడ్లు తోలాక మళ్లీ స్పానర్ వేస్తే, రెండు నట్లు ఇంకో పావు చుట్టు తిరిగాయి.