ఖైతర్మ నేర్చుకుందాం – 4: ఎనిమిదో అడుగు ఎక్కణ్నుంచి వచ్చింది?

ఖైతర్మ అంటే నల్లసముద్రం ఒడ్డున ఉన్న క్రిమియాలోని తాతార్ల నాట్యం, ఏడు లెక్కల ఆట. మీరు పంపిన వీడియోలన్నీ చూశాను. నోరు ఏడు లెక్కపెడుతోంది, కాళ్లు ఎనిమిది వేస్తున్నాయి. కొంత తప్పు నాది. "ఏడు లెక్కల తాళం, మన మిశ్రచాపే కదా, తకిట తకధిమి అనుకోండి" అని పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేశాను. పైగా మనవి నిమజ్జనంలో తీన్మార్‌కు అలవాటుపడ్డ కాళ్లు. చివర్లో ఒకటి అదనంగా వేస్తే గాని వాటికి తృప్తి ఉండదు.

దొంగను ఇలా పట్టుకోండి. ఎడమ కాలికి రబ్బరు బ్యాండు వేసుకుని లెక్కకొక అడుగు వెయ్యండి (ఇది ఆటలోని అడుగు కాదు, లెక్క కోసమే). కుడికాలితో మొదలుపెడితే ఏడో అడుగూ కుడిదే. కాబట్టి రెండో ఆవర్తం (ఏడు లెక్కల చుట్టు) ఎడమతో మొదలవ్వాలి. మూడోది మళ్లీ కుడి. ప్రతి ఆవర్తం కుడికాలితోనే మొదలవుతోందా? ఎనిమిదోది దూరింది. "ఆగాను అంతే, అడుగు వెయ్యలేదు" అనకండి. ఆగినా అది ఎనిమిదే.

చేతుల సంగతి చెప్పను, చూస్తే వచ్చేస్తుంది.

"అక్కా, పెళ్లిలో ఒకలా, స్టేజీ మీద ఒకలా ఉంది, ఏది అసలుది?" అని ఉప్పల్ తమ్ముడొకడు అడిగాడు. దానికి కొంచెం చరిత్ర చెప్పాలి. 1944 మే 18 తెల్లవారుజామున సోవియట్ సర్కారు క్రిమియన్ తాతార్లను ఇళ్లలోంచి బయటికి లాగి రైలుపెట్టెల్లో కుక్కడం మొదలుపెట్టింది. మూడు రోజుల్లో 1,90,000 మంది పైనే. ఎక్కువమందిని ఉజ్బెకిస్తాన్‌లో దించారు. కమాండాంట్ (వాళ్లమీద నిఘా అధికారి) అనుమతి లేకుండా ఉన్నచోటు వదిలి పారిపోతే, 1948 నుంచి 20 ఏళ్ల కఠిన శిక్ష. అలాంటి చోట ఆటకు పెళ్లిళ్లే దిక్కయ్యాయి. 1956లో ఆ కట్టడి ఎత్తేశారు గాని సొంతగడ్డకు పోయే హక్కు ఇవ్వలేదు. మరుసటేడు తాష్కెంట్‌లో వాళ్ల ఆటపాటల బృందం ఒకటి సర్కారు నీడలోనే మొదలైంది. పేరు ఖైతర్మ. ఆ మాట "తిరిగిరావడం" నుంచి వచ్చింది! ఇంటికి పోనివ్వనివాళ్లే ఆ పేరును స్టేజీ ఎక్కనిచ్చారు.

స్టేజీ మీద వరసలు, ఒకేలాంటి బట్టలు, మొహాలన్నీ ప్రేక్షకుల వైపే. పెళ్లిలో ఒకరికెదురుగా ఒకరు. రెండూ అసలువే తమ్ముడూ, కానీ నేను నేర్పేది పెళ్లిది.

అభ్యాసం: పొద్దున ఆరింటికి ట్యాంక్‌బండ్. పాట వద్దు, నోటిలెక్కే. పది విగ్రహాలు దాటేదాకా ఏడేసి అడుగులు. తప్పితే వెనక్కి, మొదటి విగ్రహం దగ్గరికి.