డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు టెస్టులుగా నడవట్లేదా?

పైథాన్‌లో ఇలాంటి ఉదాహరణలను టెస్టులుగా నడిపే డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ 2001 నాటి 2.1 వెర్షన్ నుంచీ ఉంది. డాక్‌స్ట్రింగ్‌లో (ఫంక్షన్ లోపలే రాసే దాని వివరణలో) మూడు బాణం గుర్తుల (>>>) పక్కన రాసిన కోడ్‌ని నడిపి, వచ్చిన జవాబును మీరు కింద రాసినదానితో అక్షరం అక్షరం పోలుస్తుంది. తలనొప్పులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

సమస్య: ఎప్పుడు నడిపినా పాసే
అన్నిటికంటే ముందు దీన్నే అనుమానించాలి. అన్నీ పాసైనా డాక్‌టెస్ట్ ఏమీ మాట్లాడదు, ఒక్క ఉదాహరణా దొరక్కపోయినా అంతే. బాణం గుర్తులు లేని కోడ్ దానికి కనబడదు. టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్ కూడా డాక్‌స్ట్రింగ్‌ల జోలికి తనంతట తాను పోదు, డాక్‌టెస్ట్ మాడ్యూల్స్ ఆప్షన్ ఇవ్వాలి. (గో భాషలోనూ ఇదే గొడవ: ఔట్‌పుట్ కామెంట్ లేని ఎగ్జాంపుల్ ఫంక్షన్ కంపైల్ అవుతుంది, నడవదు.)
పరిష్కారం: ఒక జవాబును కావాలనే తప్పు రాసి నడపండి. అప్పుడూ ఫెయిల్ కాకపోతే ఆ ఉదాహరణ అసలు నడవట్లేదన్నమాట. మైనస్ వి ఆప్షన్ ఇస్తే ఏవేవి నడిచాయో చూపిస్తుంది.

సమస్య: ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్
హైదరాబాద్ మెట్రోలో లైన్ మారే స్టేషన్లు అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్. వీటిని సెట్‌లో (వరుస పట్టించుకోని జాబితాలో) పెట్టి ప్రింట్ చేస్తే వరుస ఒక్కో రన్‌కి ఒక్కోలా రావచ్చు. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ (సెట్‌లో వాటి చోటును నిర్ణయించే సంఖ్య) ప్రతి రన్‌లో మారడమే కారణం.
పరిష్కారం: సార్టెడ్ ఫంక్షన్‌తో వరుసలో పెట్టి చూపించండి. మెమరీ అడ్రస్ లాంటివి వస్తే ఎలిప్సిస్ ఆప్షన్ పెట్టి, ఆ చోట మూడు చుక్కలు రాయొచ్చు. కానీ జవాబంతా చుక్కలే అయితే అది టెస్టే కాదు.

సమస్య: పగలు పాస్, అర్ధరాత్రి ఫెయిల్
రాత్రి రిలీజులు చేసే మాదాపూర్ టీములకు ఈ టెన్షన్ తెలుసు. ఫంక్షన్ భారత కాలమానం ప్రకారం తేదీ ఇస్తుంది, ఉదాహరణేమో దాన్ని సిస్టమ్ తేదీతో పోలుస్తుంది. మన ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ పాసే. టెస్టులను తనంతట తానే నడిపే సీఐ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక, కాబట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5.30 దాకా అక్కడ ఇంకా నిన్నటి తేదీయే.
పరిష్కారం: తేదీని ఫంక్షన్‌కి బయటి నుంచి ఇచ్చేలా మార్చి, ఉదాహరణలో ఒక స్థిరమైన తేదీ రాయండి.

సమస్య: జవాబు సరైనదే, రీడ్‌మీలో మాత్రం ఫెయిల్
కోడ్ బ్లాక్‌ని మూసే మూడు బ్యాక్‌టిక్‌లను కూడా డాక్‌టెస్ట్ జవాబులో భాగమే అనుకుంటుంది. వాటికి ముందు ఒక ఖాళీ లైన్ వదలండి.